గోపాలంలో పడిన మన్ను

చెన్నయ్య మా గడప ముందు నిలబడి గోవిందా అని చెంబు చాపేనాటికి, ఆయన మనుషులు మా నాయిన కుడిచేతి వేళ్ళు చితగ్గొట్టి నలభై రోజులైంది. చేతి కట్టు ఇంకా విప్పలేదు. ఆ కట్టుతోనే మా నాయిన గడప దాకా వచ్చి, ఎదురుగా ఉన్నది దేవుడే అన్నట్టు, "తిమ్మప్పా, కుడిచెయ్యి పనిచేస్తలేదు, తప్పు కాయి" అని ఎడమచేత్తో పిడికెడు బియ్యం ఆ చెంబులో వేశాడు. వేసి, వంగి, చెన్నయ్య కాళ్ళకు మొక్కాడు. అదంతా నా కళ్ళతో చూశాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఒళ్ళు మండింది అంటే తక్కువ చెప్పినట్టే.

చెన్నయ్య అంటే ఎవరో వడ్డేపల్లి వైపు ఏ ఊళ్ళో అడిగినా చెప్పేవాళ్ళు. కంపెనీల కోసం రైతులతో పత్తి విత్తనం సాగు చేయించే ఆర్గనైజర్. మా ఊళ్ళోనే ఎనభై ఎకరాలు. రెండంతస్తుల మేడ, తెల్ల సుమో, మెడలో చూపుడువేలంత గొలుసు. ఎక్కడికి కదిలినా వెనక ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురికి పొలం పని రాదు, వచ్చిన పని ఒకటే.

మా నాయిన కురుమయ్యకున్నది ఎకరంన్నర. అది సరిగ్గా చెన్నయ్య పొలాల నడుమ పడింది. అందులో రాతి మెట్ల దిగుడు బావి ఒకటి. చుట్టూ బోర్లు ఎండి దుమ్ము కక్కుతున్నా ఆ బావి అడుగున నీళ్ళుండేవి. మా నాయిన జొన్న, కంది వేసేవాడు. ఇంటికి సరిపడా పండితే చాలు, మిగిలింది చేలోనే పిట్టలకు వదిలేసేవాడు. ఆయనకు రెండు ధోవతులు, ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. మెడలో తులసిపూసలు. కొత్త చొక్కా కొనుక్కో నాయినా అని ఎన్నిసార్లు అన్నానో. "ఉన్నది చినగలే కదరా" అనేవాడు. నాకు నవ్వూ వచ్చేది, చిరాకూ వచ్చేది.

చెన్నయ్యకు ఆ బావి కావాలి. రెండేళ్ళు మంచిగా అడిగాడు. ఊరవతల మూడెకరాలు ఇస్తానన్నాడు, బోరు వేయిస్తానన్నాడు. మా నాయిన ఒకటే మాట: "నాకు ఇది సాలు చెన్నయ్యా, మూడెకరాలు నేనేం జేసుకుంట?" ఆ మాట చెన్నయ్యకు తిట్టులా తగిలింది. ఎక్కువ ధర అడిగితే ఆయనకు అర్థమయ్యేది. చాలు అన్నవాడిని ఎలా లొంగదీయాలో ఆయనకు తెలియదు.

రెండు వేల ఒకటి, మృగశిర కార్తె. తొలి వాన పడి విత్తనం వేసే రోజులు. నేను కొత్తకోటలో హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డులో ఉన్నాను. మా పక్కింటి వెంకటన్న ఫోన్ చేసి, "మీ నాయిన బాయిల జారి పడ్డడురా, గద్వాల దవాఖాన్ల ఉన్నం, రా" అన్నాడు. బస్సు పట్టుకొని పోయాను. బావిలో జారిపడ్డవాడికి కాళ్ళో నడుమో విరగాలి. మా నాయినకు నాలుగు వేళ్ళూ వరసగా, ఒకే చోట, ఒకే గీత మీద నలిగిపోయి ఉన్నాయి. ఇనుముతో బతికేవాణ్ణి, ఏ దెబ్బ ఎలా పడుతుందో నాకు తెలుసు.

వరండాలోకి తీసుకుపోయి మా అమ్మను అడిగాను. మా అమ్మ కిష్టమ్మకు అబద్ధం చెప్పడం రాదు.

"ముగ్గురొచ్చిండ్రు బిడ్డా. ఇద్దరు వట్టుకున్నరు. బాయి గట్టు రాయి మీద చెయ్యి వెట్టిచ్చి, గడ్డపారతోని…" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి మళ్ళీ అంది:

"ఆయన గొంతు నేనిన్న. గోవిందా గోవిందా అని ఒర్రిండు. వాండ్లు నవ్విండ్రు."

నేను స్టేషనుకు పోదామని లేచాను. మంచం మీద నుంచి మా నాయిన పిలిచాడు. "యాడికి? నేను జారి పడ్డ అని రాయించిన. కూసో."

"ఎవల కోసం రాయించినవ్ నాయినా?"

"నా కోసమే. నాకు ఇంకో చెయ్యుంది. ఎవుసం చేస్త. కోర్టుల సుట్టు తిరుగుడు నాకు రాదు. తినెటందుకు జొన్నలున్నయ్, కట్టెటందుకు బట్టుంది. అంతకంటె ఎక్కువ కావాల్నంటె దాన్ని కాసుకుంట కర్ర వట్టుకొని తిరగాలె."

"ఉన్న ఎకరంన్నర కాసేటందుకు కర్ర అక్కర్లేదా?" అని అరిచాను. పక్క మంచాల వాళ్ళు చూశారు. మా నాయిన కళ్ళు మూసుకున్నాడు. ఇలాంటి మనిషికి కొడుకుగా పుట్టడం కంటే రాయికి పుట్టడం నయమనిపించింది. ఆ మాట అప్పుడు నిజంగానే అనుకున్నాను, దాచడమెందుకు.

షెడ్డుకు తిరిగి పోలేదు. ఒంటిచేతి మనిషి గుంటక ఎలా పట్టగలడు? నేనే విత్తాను. అలా శ్రావణం వచ్చింది.

మా వైపు గోపాలం ఎత్తడమంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. శ్రావణ శనివారాల్లో తిమ్మప్ప స్వామి పేరు మీద ఐదిళ్ళు అడుక్కుంటారు. ఎంత ఉన్నవాడైనా సరే ఆ రోజు చెప్పులుండవు, గొలుసుండదు, వెంట మనిషి ఉండడు. నుదుటిన నామాలు, చేతిలో నామాలు దిద్దిన రాగి చెంబు. చెంబు చేతిలో ఉన్నంతసేపు గోవిందా అన్న మాట తప్ప ఇంకో మాట నోట్లోంచి రాకూడదు, ఎవరి మీదా చెయ్యి లేవకూడదు. ఇల్లాలు కాళ్ళు కడిగి మొక్కుతుంది, ఎందుకంటే ఆ కాసేపు వాడు వాడు కాడు, తిమ్మప్ప దాసుడు. చెంబులో ఏం పడితే అది తీసుకోవాలి, వద్దనకూడదు. పడినదాన్ని ఆ రోజే వండుకొని తినాలి, లేదా పంచిపెట్టాలి. గింజ కూడా తెల్లారే దాకా తనదిగా దాచుకోకూడదు. దాచితే స్వామి సొత్తు దొంగిలించినట్టు.

చెన్నయ్యవాళ్ళకు ఈ మొక్కు తాత నుంచి వచ్చింది. ఆ తాత కరువులో మా ఊరికి ఒట్టి చేతులతో వచ్చి ఐదిళ్ళ ముందు నిలబడి బతికాడట. ఆ ఐదిళ్ళు మారవు. ఐదోది మాది. తమ మేడా పొలాలూ ఆ చెంబులోంచే వచ్చాయని చెన్నయ్య గట్టిగా నమ్మేవాడు. మిగతా రోజుల్లో మా ఇంటి వైపు చూసి ఉమ్మేవాడే, ఆ శనివారం మా వాకిట్లో నిలబడి గోవిందా అన్నప్పుడు గొంతు వణికింది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. దొంగ ఏడుపని అనుకుందామని చూశాను. కాదు, నిజం ఏడుపే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

మా అమ్మ ఆయన కాళ్ళు కడుగుతుంటే నేను లోపలికి పోయి గొడ్డలి తీశాను. మా నాయిన వెనక్కి తిరిగి చూడకుండానే అన్నాడు: "రవీ, చెంబు ఆయన చేతుల ఉంది."

నా చెయ్యి ఆగిపోయింది. నాకు దేవుడి మీద మా నాయినకున్నంత నమ్మకం లేదు. కానీ చెంబు పట్టుకున్నవాణ్ణి కొట్టడమంటే గర్భగుడిలోకి పోయి కొట్టినట్టేనని పాలతో పాటు తాగిన మాట. చెన్నయ్య నా వైపు చూశాడు, గొడ్డలి చూశాడు, గోవిందా అన్నాడు, పోయాడు. వెంట ఎవరూ లేరు. ఈ మనిషి ఒంటరిగా, ఉత్త కాళ్ళతో, చెయ్యెత్తకుండా దొరికేది ఏడాదికి నాలుగు రోజులేనని అప్పుడే లెక్క తేలింది.

రెండో శనివారం కూడా అంతే. కాళ్ళు కడిగించుకున్నాడు, పిడికెడు బియ్యం తీసుకున్నాడు, పోయాడు.

ఆ మంగళవారం మాకున్న ఒక్క ఎద్దును చంపారు. చంపారంటే ఒక్క దెబ్బతో కాదు. పొలంలో కట్టేసి ఉంటే వెనక కాళ్ళ నరాలు కోసి వదిలేశారు. నేను పోయేసరికి ముందు కాళ్ళ మీద లేవాలని చూస్తోంది, నడుము కింద పడిపోతోంది, మళ్ళీ లేవాలని చూస్తోంది. చుట్టూ తడి మట్టి ఎర్రగా కుమ్మేసి ఉంది. ఒకరోజంతా అలాగే ఉంది. మా నాయిన దాని తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు, తిండి లేదు. బుధవారం పొద్దుగూకే వేళకు అది చచ్చింది. మా నాయిన లేచి బావిలో స్నానం చేసి వచ్చి, "ఇగ ఎద్దుకు గడ్డి కోసే పని లేదు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు చెన్నయ్య మనుషుల్లో ఒకడు ఊరి చివర హోటల్లో చాయ్ తాగుతూ కనిపించాడు. నా సంచిలో పద్దెనిమిది నంబరు పానా ఉంది. ఏమీ అడగలేదు. దవడ మీద వేశాను. పళ్ళు గ్లాసులో పడ్డాయి. మోకాలి మీద ఇంకోటి వేస్తే వాడు బల్లతో సహా కూలిపోయాడు. హాయిగా అనిపించింది. ఎముక విరిగిన చప్పుడు ఇంత హాయిగా ఉంటుందని అంతకు ముందు తెలియదు. అది నా గురించి నేను తెలుసుకున్న మొదటి చెడ్డ విషయం.

మిగతా ఇద్దరూ ఆ సాయంత్రం నన్ను కాలువ దగ్గర పట్టుకున్నారు. సైకిల్ చెయిన్లు, కట్టెలు. రెండు పక్కటెముకలు, ముందు పళ్ళు రెండు, ఎడమ చెవి వినికిడి పోయాయి. చెన్నయ్య సుమోలో కూర్చొని అద్దం దించి చూశాడు. "సాలు, సావనియ్యకుండ్రి. వాని నాయిన కాయిదం మీద ఏలి నిశాని వెట్టాలె గద" అన్నాడు. వెంకటన్న నన్ను భుజాన వేసుకొని ఇంటికి చేర్చాడు.

మూడో శనివారం నేను మంచం మీద ఉన్నాను. మా అమ్మ బయట గొళ్ళెం పెట్టింది. గోడ అవతల గోవిందా వినిపించింది, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. తలుపును కాళ్ళతో తన్నాను. పక్కటెముకలు ఊపిరాడనివ్వలేదు. ఆయన వెళ్ళాక మా అమ్మ తలుపు తీస్తే ఆమెను నానా మాటలన్నాను. సిగ్గులేదా అన్నాను. ఆమె నా మొహం మీది చెమట తుడిచి, "ఉంది బిడ్డా. ఉండబట్టే ఆయన కాళ్ళు గడిగిన, ఆయన మొకం సూడలే" అంది.

తర్వాతి శుక్రవారం మా నాయిన నా పక్కన కూర్చున్నాడు. "రేపు ఆఖరిది. గొడ్డలి యాడ వెట్టినవ్?" అన్నాడు.

"తలుపు ఎనక."

"నువ్వు ఆయన్ని నరికితే ఆయన వోతడు. నువ్వు జైలుకు వోతవ్. నాకు ఎకరంన్నర ఉంటది. ఆ ఎకరంన్నర నేనేం జేసుకోవాలె?"

"నరకకపోతే ఆ ఎకరంన్నర కూడ ఉండదు."

"ఉంటది. నేనొక ఉపాయం జేసిన. నువ్వు గమ్మునుండు సాలు." ఆయన మొహంలో ఏదో వెలుగుంది. జీవితంలో మొదటిసారి ఒకరిని ఓడించబోతున్న మనిషి వెలుగు. నాకు నమ్మకం కలగలేదు, కానీ చూద్దామనిపించింది.

తెల్లవారి చీకటితోనే ఆయన పొలానికి పోయి వచ్చాడు. తువ్వాల కొసకు ఏదో మూటకట్టి ఉంది. గడప మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. పక్కటెముకల కట్టు బిగుతుగా ఉంది, గొడ్డలి కర్ర చేతిలో చెమటకు జారుతోంది.

చెన్నయ్య వచ్చాడు. నాలుగిళ్ళ బియ్యంతో చెంబు సగం నిండింది. తెల్ల ధోవతి, నామాలు, మెడ బోసిగా ఉంది. మా అమ్మ కాళ్ళు కడిగింది. "గోవిందా" అని చెంబు చాపాడు. మా నాయిన తువ్వాల ముడి పళ్ళతో విప్పి, ఎడమచేత్తో పిడికెడు తీసి చెంబులో వేశాడు. బియ్యం కాదు. నల్లమన్ను. మెత్తగా, తడిగా, బియ్యం మీద పడింది.

"చెన్నయ్యా, అది బాయి గట్టు కాడి మన్ను. నువ్వు రెండేండ్ల సంది అడుగుతున్నవ్. ఎకరంన్నర, బాయి, అన్నీ కలిపి గోపాలంల ఏసిన. తీస్కో."

చెన్నయ్యకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నాకూ అప్పుడే అర్థమైంది. గోపాలంలో పడింది వద్దనకూడదు, తెల్లారే దాకా దాచుకోకూడదు. మన్ను తీసుకున్నాడా, ఆ పొలం స్వామి సొత్తు, ఏ కాగితం మీదా తన పేరున రాయించుకోలేడు. రాయించుకుంటే ఏ చెంబులోంచి తన సంపదంతా వచ్చిందని నమ్మాడో ఆ చెంబులోంచి దొంగిలించినట్టు. మా నాయిన పొలాన్ని కాపాడటానికి దాన్ని దానం చేసేశాడు. మా అమ్మ కూడా నోరు తెరిచి చూస్తోంది. మూడు తరాల మొక్కును చెన్నయ్య కాదనడని మా నాయినకు రవ్వంత అనుమానం కూడా లేదు. కాదనే మనిషి ఉంటాడని ఆయన బుద్ధికి తట్టలేదు. అదే ఆయన చేసిన తప్పు.

చెన్నయ్య చాలాసేపు నిలబడ్డాడు. పెదవులు గోవిందా అంటున్నాయి, శబ్దం రావడం లేదు. నిజంగా బాధపడ్డాడు, చూశాను. ఒక పక్క తిమ్మప్ప, ఒక పక్క బావి. తర్వాత మెల్లగా, నూనె పోసినట్టు జాగ్రత్తగా, చెంబును వంచేశాడు.

నాలుగిళ్ళ బియ్యం, మా మన్ను, గడప ముందు కుప్పపడ్డాయి. ఖాళీ చెంబును కూడా చేతిలోంచి వదిలేశాడు. మా అమ్మ "అయ్యో" అని కేక వేసింది.

"నాతోని ఆటలాడుతున్నవ్రా కురుమయ్యా?" అన్నాడు చెన్నయ్య. ఆ రోజు గోవిందా కాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. "నాకు గోపాలం వద్దు. రిజిస్ట్రేషన్ గావాలె. సోమారం గద్వాలకు రా. రాకుంటె నీ కొడుకును బాయిలకెల్లి తీసుకుంటవ్."

మా నాయిన ఆ మాట వినడం లేదు. ఒలికిన బియ్యం తొక్కకూడదని కిందికి వంగి ఎడమచేత్తో ఏరుతున్నాడు. గింజ గింజా మన్నులోంచి ఏరుతున్నాడు. చెన్నయ్య ఆ చేతి మీద కాలు పెట్టాడు. ఇప్పుడే కడిగిన కాలు. మడమతో నలిపాడు. ఒక చెయ్యి పోయినవాడి రెండో చెయ్యి.

నేను తలుపు వెనక నుంచి వచ్చాను. మా నాయిన తలెత్తి నన్ను చూశాడు. ఆయన ఏమన్నా అంటాడేమోనని ఆగాను. నిజంగా ఆగాను, గొడ్డలి భుజం మీద ఉండగా, రెండు ఊపిర్లు. ఆయన కళ్ళు ఖాళీగా ఉన్నాయి. చెంబు నేల మీద బోర్లా పడి ఉంది. ఆయన ఏమీ అనలేదు.

వేశాను. మెడ మీద అనుకున్నాను, ఆయన తిరగడంతో భుజానికీ మెడకూ మధ్య దిగింది. ఎముక దగ్గర ఆగింది. ఊడబెరికితే నెత్తురు నా మొహం మీద కొట్టింది, వేడిగా. చెన్నయ్య కింద కూలాడు, అరవలేదు, ఆశ్చర్యంగా చూశాడు. రెండోది వేయబోయాను. మా అమ్మ ఆయన మీద పడుకుంది. తన కొంగు చింపి ఆ గాయంలో కుక్కుతూ నన్ను చూసి అరిచింది: "సాలురా! సాలు!"

గొడ్డలి పడేశాను. అంతసేపూ నేల మీద ఉన్న మా నాయిన అప్పుడు లేచాడు. "ఎత్తుకో" అన్నాడు.

"ఎవల్ని?"

"ఆయన్ని ఎత్తుకో. రోడ్డు మీదికి తీస్కపో. బస్సో ఆటో ఏదన్న ఆపు. వెంకటన్నా, నువ్వు ముంగట ఉరుకు!" అప్పటికి వెంకటన్న కంచె దూకి వచ్చాడు. ఏమీ అడగకుండా పరుగెత్తాడు. ఊళ్ళో ఆ పూట ఒక్క బండి లేదు. చెన్నయ్య సుమో ఆయన మనుషులతో అవతలి ఊళ్ళో ఉంది, శనివారం కదా, ఆయన ముట్టడు. మా నాయిన చెయ్యి నలిగి వేలాడుతోంది, ఆ చేత్తోనే నన్ను చెన్నయ్య వైపు నెట్టాడు. నేను నరికినవాణ్ణి నేనే వీపున వేసుకున్నాను.

రోడ్డుకు అడ్డదారి మా పొలం మీదుగానే. ఆయన బరువైన మనిషి. నెత్తురు నా వీపు మీంచి కారి తొడల దాకా వచ్చింది. పక్కటెముకలు ప్రతి అడుగుకీ పొడుస్తున్నాయి. నా మంచి చెవి పక్కన ఆయన నోరుంది. మొదట బూతులు తిట్టాడు. తర్వాత "నా బిడ్డ ప్రణీత, నా బిడ్డ ప్రణీత" అన్నాడు. పదేళ్ళ పిల్ల, వడ్డేపల్లి బడికి పోతుండేది. తర్వాత అదీ మానేశాడు. జొన్న చేనులో నడుస్తుంటే నా అడుగుల చప్పుడు, ఆయన గురక తప్ప ఇంకేమీ లేదు.

బావి దగ్గరికి వచ్చేసరికి ఆయన జారిపోతున్నాడు. నెత్తురుకు పట్టు దొరకడం లేదు. గట్టు రాయికి ఆనించి కూర్చోబెట్టాను, మళ్ళీ ఎత్తుకుందామని. మొహం సున్నం రాసినట్టుంది, నామాలు చెమటకు కరిగి ముక్కు మీదికి దిగాయి. రోడ్డు ఇంకా రెండు పొలాల అవతల ఉంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"రవీ… జర నీళ్ళు పొయ్యి."

స్పష్టంగానే విన్నాను. నీళ్ళు పద్నాలుగు మెట్ల కింద ఉన్నాయి, పైకే మెరుస్తున్నాయి. నేను కదల్లేదు. నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడి, "ఏందీ?" అన్నాను.

ఇంకోసారి అడగాలనిపించింది, అంతే. నాలుగు శనివారాలు చెంబుతో అడిగాడు, కాళ్ళు కడిగించుకొని అడిగాడు. ఇప్పుడు చేతుల్లో ఏమీ లేకుండా నా మొహం చూసి అడగాలి. మా ఎద్దు ఒక పగలూ ఒక రాత్రీ లేవాలని చూసింది కదా, ఈయన కూడా కాసేపు చూడాలి. ఆ కోపం ఎంత తియ్యగా ఉందో దాచను. దాన్ని నోట్లో పెట్టుకొని చప్పరించాను.

ఆయనకు ఆ రెండో మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గొంతు కదిలింది, మాట రాలేదు. మళ్ళీ కదిలింది. ఒక చెయ్యి లేచి, నా కాలి మీద పడింది.

"నీళ్ళు… నీ కాల్మొక్త."

అప్పుడు దిగాను. పరుగెత్తాను. రెండేసి మెట్లు దూకాను, చివర పాచి మీద జారి నీళ్ళలో పడ్డాను. నడుముకు కట్టుకున్న తువ్వాల ముంచి, కారిపోకుండా గుండెకు అదుముకొని పైకి వచ్చాను. ఆయన గట్టుకు అలాగే ఆనుకొని ఉన్నాడు, నోరు తెరిచి. తువ్వాల పిండాను. నీళ్ళు నోట్లో నిండాయి. లోపలికి పోలేదు. నిండి, పెదవి మూల నుంచి కారి గడ్డం మీదికి వచ్చాయి. ఇంకా పిండాను. "తాగు, తాగు అన్నా" అన్నాను. చంపాలని మూడు వారాలు ఎదురుచూసిన మనిషిని అన్నా అని పిలిచాను. ఆయన తాగలేదు.

వెంకటన్న రోడ్డు మీద ఆటో ఆపి కేకలు వేస్తూ ఉన్నాడు. నేను కూర్చొనే ఉన్నాను.

కోర్టులో గొడ్డలి గురించి అడిగారు, ఎన్ని దెబ్బలని అడిగారు, ముందే అనుకున్నావా అని అడిగారు. అన్నీ ఒప్పుకున్నాను. చెన్నయ్య భార్య నా మీద మన్ను పోసి శాపనార్థాలు పెట్టింది, పడ్డాను. ఏడేళ్ళ పైన జైల్లో ఉన్నాను. ఆ పొలం మాత్రం మాకే మిగిలింది. చెన్నయ్య పోయాక దాన్ని అడిగినవాళ్ళు లేరు. మా అమ్మ కూలి మనుషులతో జొన్న వేయించేది. మా నాయిన రెండు చేతులూ వంకరపోయాయి, అన్నం ఆమే తినిపించేది.

ఆయన జైలుకు నన్ను చూడటానికి మొదటిసారి వచ్చినప్పుడు జాలీ అవతల నిలబడ్డాడు. ఎందుకు నరికినవ్ అని అడగలేదు. తను ఎందుకు ఆపలేదో చెప్పలేదు. నా మొహం వైపు చూడకుండా ఒక్కటే అడిగాడు.

"ఆయన దారిల నీళ్ళేమన్న అడిగిండా?"

"అడిగిండు నాయినా."

"పోసినవా?"

ఆ వంకర చేతులు జాలీని పట్టుకోవాలని చూస్తున్నాయి, పట్టు చిక్కడం లేదు. ఆయన మొహం ఆ ఒక్క జవాబు కోసం ఎలా ఎదురుచూసిందో నేను చెప్పలేను.

"అడగంగనే పోసిన" అన్నాను.

"తాగిండా?"

"తాగిండు."

మా నాయిన తల ఊపాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు రాక భుజానికి రుద్దుకున్నాడు. "అదన్నా జేసినవ్ బిడ్డా" అని వెళ్ళిపోయాడు. నేను విడుదలయ్యే ముందు ఏడాది, శ్రావణంలో, ఆ మాట నిజమని నమ్ముతూనే చచ్చిపోయాడు.